పేర్లు చెరిపేసిన కేస్ షీట్లు



మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎలక్ట్రానిక్స్ గానీ కంప్యూటర్లు గానీ చదివే ఇంజనీరింగ్ పిల్లల ఆఖరి ఏడాది ప్రాజెక్టుల్లో ఒకటి పదే పదే కనిపిస్తుంది. ఈసీజీని కంప్యూటర్‌కిచ్చి, గుండె లయ తప్పిందో లేదో దానిచేత చెప్పించడం. వైవాలో "మా మోడల్ 99 శాతం కరెక్ట్ సార్" అని ధీమాగా చెబుతారు. ఈ ఈసీజీలు ఎక్కడివమ్మా అంటే "ఎంఐటీ-బీఐహెచ్ డేటాబేస్" అని ఠక్కున జవాబొస్తుంది. అవి ఎవరి గుండెలు, ఎప్పటివి, ఎంతమందివి అని ఇంకాస్త గుచ్చి అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

పిల్లల్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ మూడు ప్రశ్నలకూ జవాబు వెతుక్కుంటూ పోతే ఒక విశ్వవిద్యాలయ పరిశోధనశాల కథ బయటపడుతుంది. వైద్యంలో మెషిన్ లెర్నింగ్ గురించి రోజూ పేపర్లలో చదివే అద్భుతాల కన్నా నాకు ఆ కథే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. ఈ పూట దాన్నే చెప్పుకుందాం.

అమెరికాలో చార్లెస్ నదికి ఒక ఒడ్డున కేంబ్రిడ్జ్, అక్కడ ఎంఐటీ. అవతలి ఒడ్డున బోస్టన్, అక్కడ బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రి. 1970లలో ఈ రెండిటి మధ్య తిరిగిన మనిషి రోజర్ మార్క్. ఇంజనీరింగూ చదివాడు, వైద్యమూ చదివాడు. ఆయనతో కలిసి ఏళ్ళ తరబడి పనిచేసినవాడు జార్జ్ మూడీ. అప్పటికే రోగి ఒంటికి చిన్న రికార్డరు కట్టి 24 గంటల ఈసీజీని టేపు మీద పట్టే పద్ధతి వచ్చింది. ఆ టేపు మొత్తం కూర్చుని చూసే తీరిక ఏ డాక్టరుకుంటుంది? చూసిపెట్టే యంత్రాలు తయారవుతున్నాయి. కానీ ఎవరి యంత్రాన్ని వారు తమ దగ్గరున్న టేపుల మీదే పరీక్షించుకుని, బ్రహ్మాండంగా ఉందని తామే చెప్పుకునేవారు. అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఉంటే తప్ప ఎవరిది ఎంత బాగుందో తేలదు. ఆ ప్రశ్నపత్రం తయారీకి వీళ్ళు పూనుకున్నారు.

1975 నుంచి 1979 వరకు ఆ ఆసుపత్రిలో తీసిన టేపులు నాలుగు వేల దాకా ఉన్నాయి. వాటిలోంచి అరగంట చొప్పున 48 ముక్కలు ఎంచారు. 23 ముక్కలను చీటీ తీసినట్టుగా, ఎలాంటి ఎంపికా లేకుండా తీసుకున్నారు. మిగిలిన 25 ముక్కలను మాత్రం కావాలని ఏరారు. అరుదుగా కనిపించినా ప్రాణం మీదికి తెచ్చే లయలు అలా ఏరితేనే దొరుకుతాయి. మనుషులు మొత్తం 47 మంది, 25 మంది మగవాళ్ళు, 22 మంది ఆడవాళ్ళు. ఒకాయనవి రెండు ముక్కలున్నాయి, అందుకే 48.

అసలు చాకిరీ ఆ తర్వాతిది. ఒక్కో అరగంట ఈసీజీని కాగితం మీద అచ్చు వేస్తే ఆ చుట్ట పొడవు 150 అడుగులు. ఒక్కో చుట్టకు రెండేసి ప్రతులు తీసి, ఇద్దరు గుండె వైద్యులకు విడివిడిగా ఇచ్చారు. ఒకరు ఏం రాశారో ఇంకొకరికి తెలియదు. ప్రతి కొట్టుకోవడం దగ్గరా ఇది మామూలుదా, ముందుగా వచ్చిందా, పైగది నుంచి వచ్చిందా, కింది గది నుంచి వచ్చిందా అని గుర్తు పెట్టాలి. ఇద్దరికీ కుదరని చోట చర్చించి తేల్చాలి. అలా ఒక లక్షా పదివేల దాకా గుర్తులు పడ్డాయి. 1980లో ఆ డేటాను బయటివాళ్ళకు ఇవ్వడం మొదలుపెట్టారు. మొదట పెద్ద పెద్ద టేపు చుట్టల మీద పోస్టులో పంపారు. 1989లో సీడీ వచ్చింది. 1999లో ఫిజియోనెట్ పేరుతో సగం దాకా, 2005లో మిగతాదీ ఇంటర్నెట్‌లో పెట్టి, ఎవరైనా తీసుకోవచ్చన్నారు. మన పిల్లలు ప్రాజెక్టులో వాడేది ఇదే. అంటే దాదాపు యాభై ఏళ్ళ కిందటి బోస్టన్ ఆసుపత్రి రోగులు 47 మంది గుండె చప్పుళ్ళు.

ఇప్పుడు ఆ 99 శాతం సంగతి. ఒక మనిషి ఈసీజీలో పదో నిమిషం కొట్టుకోవడమూ పదకొండో నిమిషం కొట్టుకోవడమూ కవలల్లా ఉంటాయి. లక్షా పదివేల కొట్టుకోవడాలనూ ఒక్క కుప్పగా కలిపేసి, అందులో కొన్నిటితో మోడల్‌కు నేర్పి, మిగిలినవాటితో పరీక్ష పెడితే, ఆ మోడల్ రోగాన్ని గుర్తుపట్టక్కర్లేదు, మనిషిని గుర్తుపడితే చాలు. నేర్పడానికి కొందరు మనుషులను, పరీక్షకు వేరే మనుషులను పెట్టి చూడండి, మార్కులు పడిపోతాయి. ఈ సంగతి పరిశోధకులకు ఇరవై ఏళ్ళ పైనుంచే తెలుసు. అయినా 99 శాతం పేపర్లు ఇప్పటికీ అచ్చవుతూనే ఉన్నాయి. రోగులను వేరు చేసి 85 వచ్చిందని నిజం చెప్పే విద్యార్థికి నేనైతే ఎక్కువ మార్కులు వేస్తాను.

మార్క్ బృందం అక్కడితో ఆగలేదు. ఎంఐటీలోని వాళ్ళ పరిశోధనశాల పేరు లాబొరేటరీ ఫర్ కంప్యుటేషనల్ ఫిజియాలజీ. వాళ్ళ చూపు తర్వాత ఐసీయూ మీద పడింది. ఆసుపత్రి మొత్తంలో మనిషిని అన్నిసార్లు కొలిచే చోటు ఇంకొకటి లేదు. గుండె వేగం, బీపీ, ఊపిరి, ఆక్సిజన్, మూత్రం ఎంత వచ్చింది, సెలైన్ ఎంత ఎక్కింది, ఏ మందు ఏ వేగంతో పోతోంది, అన్నీ లెక్కే. మానిటర్ చూపే అంకెను సిస్టర్ సరిచూసి కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. ఇదంతా అంతకుముందు రోగి ఇంటికెళ్ళగానే మూలన పడేది. దాన్ని పోగుచేసి, శుభ్రం చేసి, పరిశోధకులకు పనికొచ్చేలా పేర్చడమే వీళ్ళు పెట్టుకున్న పని. దాని పేరు మిమిక్. 2016లో వెలువడిన మిమిక్-3లో బెత్ ఇజ్రాయెల్ డీకనెస్‌గా పేరు మారిన అదే ఆసుపత్రి ఐసీయూలలో 2001 నుంచి 2012 వరకు ఉన్న 46 వేల పైచిలుకు రోగుల వివరాలున్నాయి. వాళ్ళలో ఏడువేల పైగా అప్పుడే పుట్టిన పసికందులు. మంచం పక్కన నమోదు చేసిన కొలతలే 33 కోట్ల వరుసలు. డాక్టర్లు, నర్సులు రాసిన నోట్సు ఇరవై లక్షలు. ఆ తర్వాత మిమిక్-4 వచ్చింది. 2019లో మూడు లక్షల డెబ్భై ఏడు వేల ఛాతీ ఎక్స్‌రేలనూ విడుదల చేశారు.

ఇవన్నీ నిజమైన మనుషుల కేస్ షీట్లు. మరి వీటిని ఊరందరికీ ఎలా ఇస్తారు? ఈ పరిశోధనశాల చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇక్కడుంది.

అమెరికా చట్టం ప్రకారం మనిషిని పట్టించే 18 రకాల గుర్తులు తీసేయాలి. పేరు, చిరునామా, ఫోను నంబరు, ఆసుపత్రి నంబరు లాంటివి. పట్టికల్లోంచి పేరు తీసేయడం తేలిక. డాక్టరు చేతికొచ్చినట్టు రాసిన నోట్సులో "కూతురు ఫలానా ఫోన్ చేసింది" అని ఉంటుంది, దాన్ని పట్టుకోవడం కష్టం. ఇక తేదీలు. మీ పక్కింటాయన ఫలానా తేదీన ఆసుపత్రిలో చేరాడని మీకు తెలుసు. ఆ తేదీ డేటాలో ఉంటే, వయసు చూసి ఆయన్ని పట్టేయవచ్చు. తేదీలు పూర్తిగా చెరిపేస్తే జ్వరం ముందొచ్చిందో మందు ముందిచ్చారో తెలియక ఆ డేటా ఎందుకూ కొరగాదు. అందుకని వీళ్ళు ప్రతి రోగి తేదీలన్నిటినీ ఒకే మొత్తం రోజులు ముందుకు జరిపారు, ఒక్కో రోగికి ఒక్కో లెక్క. సోమవారం సోమవారంగానే ఉంటుంది, చలికాలం చలికాలంగానే ఉంటుంది, రెండు సంఘటనల మధ్య ఎడం మారదు. సంవత్సరం మాత్రం ఎక్కడో 2100 దాటి ఉంటుంది. మిమిక్ తెరిచి చూస్తే రోగులందరూ వచ్చే శతాబ్దంలో ఆసుపత్రిలో చేరుతుంటారు!

ఇంకో తమాషా. 89 ఏళ్ళు దాటినవాళ్ళు ఎక్కడైనా కొద్దిమందే ఉంటారు కాబట్టి వయసే వాళ్ళను పట్టిస్తుంది. అందుకని మిమిక్-3లో వాళ్ళ పుట్టిన తేదీని వెనక్కి జరిపి, వయసు మూడు వందల ఏళ్ళు దాటేలా చేశారు. ఈ విషయం చదవకుండా నేరుగా లెక్కల్లోకి దూకిన విద్యార్థికి ఐసీయూలో మూడు వందల ఏళ్ళ తాతలు తగులుతారు. సూచనల పత్రం చదివాడో లేదో తేల్చడానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

ఈ డేటా కావాలంటే ముందు మనుషుల మీద చేసే పరిశోధనల నీతి నియమాల గురించి ఒక కోర్సు పూర్తిచేయాలి. ఎవరి ఆచూకీ తీయడానికీ ప్రయత్నించననీ, ఇంకొకరికి అందించననీ ఒప్పందం మీద సంతకం పెట్టాలి. డబ్బు అక్కర్లేదు. హార్వర్డ్ ప్రొఫెసరుకైనా వరంగల్లు విద్యార్థికైనా ఇదే తలుపు. కృత్రిమ మేధ చాట్‌బాట్లు వచ్చాక 2023లో వీళ్ళు ఇంకో హెచ్చరిక చేశారు. ఆ రికార్డులను ఆన్‌లైన్ చాట్‌బాట్లకు అంటించడమంటే మూడోవారి చేతికి ఇవ్వడమేనని. ఒప్పందం మీద సంతకం పెట్టి అదే పని చేసేవాళ్ళకు ఇది తగలాలి.

ఒక్క విషయంలో నాకు మనసు పూర్తిగా ఒప్పుకోదు. ఈ రోగులను ఎవరూ విడివిడిగా అనుమతి అడగలేదు. పేర్లు తీసేశాం, వైద్యంలో తేడా రాదు కాబట్టి అడగనక్కర్లేదని ఆసుపత్రి, ఎంఐటీ నైతిక సంఘాలు ఒప్పుకున్నాయి. చట్టప్రకారం సరైనదే. వేల మందిని, అందులో చనిపోయినవాళ్ళను, ఇప్పుడు వెతికి అడగడం సాధ్యమూ కాదు. అయినా ఆసుపత్రి గుమ్మం దగ్గర ఒక బోర్డు పెట్టి చెప్పడానికేం కష్టమని నాకనిపిస్తుంది.

సరే, ఇంత డేటా పోగేశారు, యంత్రాలు ఏం నేర్చుకున్నాయి? ఎవరు బతుకుతారు, ఎవరికి ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకుతుంది, వెంటిలేటరు ఎప్పుడు తీయవచ్చు, ఇలాంటి జోస్యాల మీద వేల పేపర్లు వచ్చాయి. వాటి జాబితా చదివి మిమ్మల్ని విసిగించను. నాకు ముఖ్యమనిపించినది వేరే. ఈ డేటా రోగి శరీరం గురించి ఎంత చెబుతుందో, ఆసుపత్రి అలవాట్ల గురించి అంతే చెబుతుంది.

2018లో హార్వర్డ్ పరిశోధకులు బోస్టన్‌లోనే మరో రెండు ఆసుపత్రుల రికార్డులు తీసుకుని, రక్త పరీక్షలు రోగి మూడేళ్ళు బతుకుతాడో లేదో ఎంతవరకు సూచిస్తాయో చూశారు. 174 రకాల పరీక్షల్లో 118 పరీక్షలకు, ఫలితంలో వచ్చిన అంకె కన్నా ఆ పరీక్ష ఏ వేళకు, ఎంత తరచుగా చేయించారన్నదే బాగా సూచించింది. తెల్లవారుజామున రక్తం తీయమన్నాడంటే డాక్టరు అప్పటికే కంగారుపడ్డాడన్నమాట. యంత్రం నేర్చుకున్నది ఆ కంగారును. అలాంటి యంత్రాన్ని తెచ్చి, అందరికీ పొద్దున ఆరింటికే రక్తం తీసే మన వార్డులో పెడితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇది వట్టి ఊహ కాదని 2021లో మిషిగన్ విశ్వవిద్యాలయం చూపించింది. ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి తెచ్చే సెప్సిస్‌ను ముందే పసిగడుతుందని అమెరికాలో వందలాది ఆసుపత్రులు అప్పట్లో ఒక కంపెనీ మోడల్‌ను వాడుతుండేవి. మిషిగన్ వైద్యులు తమ రోగుల మీద దాన్ని పరీక్షిస్తే, సెప్సిస్ వచ్చినవారిలో మూడింట రెండు వంతుల మందిని అది వదిలేసింది. పైగా అనవసరంగా మోగిన గంటలకు లెక్కలేదు. మోడల్ ఎలా తయారైందో బయటివాళ్ళకు తెలియదు, డేటా బయటివాళ్ళు చూడలేదు. అందుకే అన్నాళ్ళు ఎవరూ పట్టుకోలేకపోయారు.

డేటా తెరిచి పెడితే జరిగేదేమిటో మనందరికీ తెలిసిన ఒక పరికరం ద్వారా చెబుతాను. కోవిడ్ రోజుల్లో వేలికి ఆక్సీమీటరు పెట్టుకోని ఇల్లు లేదు. 94 వస్తే హమ్మయ్య, 90 వస్తే గుండెల్లో రాయి. ఆ పరికరం చర్మం గుండా కాంతిని పంపి ఆక్సిజన్‌ను అంచనా కడుతుంది. రక్తనాళంలోంచి నేరుగా రక్తం తీసి చేసే పరీక్ష అంతకన్నా నమ్మదగినది. ఐసీయూ రోగులకు ఈ రెండూ చేస్తారు, కాబట్టి పక్కపక్కన పెట్టి చూడవచ్చు. 2020 డిసెంబరులో మిషిగన్ పరిశోధకులు అదే చేశారు. ఒకటి తమ సొంత ఆసుపత్రి డేటా, రెండోది 178 ఆసుపత్రుల ఐసీయూ డేటా. ఆక్సీమీటరు 92 నుంచి 96 మధ్య చూపించినప్పుడు, అసలు రక్తంలో 88 కన్నా తక్కువ ఉన్న సందర్భాలెన్ని? వాళ్ళ సొంత ఆసుపత్రిలో తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. మూడు రెట్లు. రెండో డేటాలోనూ ఇదే ధోరణి. పరికరం బాగానే ఉందంటోంది, మనిషికి ఊపిరి అందడం లేదు.

రెండేళ్ళ తర్వాత మిమిక్-4తో ఇంకో అడుగు ముందుకు వేశారు. ఆక్సీమీటరు తప్పు చూపడం వల్ల నల్లజాతి, హిస్పానిక్, ఆసియా రోగులకు ఆక్సిజన్ కూడా తక్కువగా పెట్టారని తేలింది. ఈ అధ్యయనంలో ఉన్న లియో సెలీ ఫిలిప్పీన్స్‌లో వైద్యం చదివి, బోస్టన్ ఐసీయూలో పనిచేస్తూ, ఎంఐటీ పరిశోధనశాలలోనూ ఉన్న డాక్టరు. డాక్టర్లు, నర్సులు, ఇంజనీర్లను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఒకే డేటా మీద పనిచేయించే శిబిరాలు దేశదేశాల్లో నడుపుతుంటాడు. ఇక్కడ గమనించండి. ఆ తప్పు అంకెల మీద ఒక యంత్రానికి శిక్షణ ఇచ్చి ఉంటే, ఆ తప్పునే అది నేర్చుకునేది, ఇంకా వేగంగా చేసేది. డేటా తెరిచి ఉంది కాబట్టి ఎవరో వెళ్ళి అందులోని తప్పును వెతికి పట్టుకున్నారు.

మన చర్మం రంగులకు ఆక్సీమీటరు ఎంత తేడా చూపుతుంది? మన ఐసీయూలకు వచ్చే పాముకాటు, డెంగీ, పురుగుమందు తాగిన కేసులు బోస్టన్ డేటాలో ఎన్ని ఉంటాయి? మన దగ్గర ఈ లెక్క తేల్చగల ఐసీయూ రికార్డులు లేవా అంటే, ఉన్నాయి. మంచం కాళ్ళ దగ్గర వేలాడే పెద్ద చార్టు మీద సిస్టర్లు గంటగంటకూ రాసేవి అవే. రోగి డిశ్చార్జి కాగానే రికార్డు రూముకు పోతాయి. 2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల ఏ ఆపరేషన్ ఎవరికి, ఎంత ఖర్చుకు జరిగిందో కంప్యూటర్లకెక్కింది. అది బిల్లుల లెక్క. ఆపరేషన్ తర్వాత రాత్రి రెండింటికి బీపీ ఎంతుందో అందులో ఉండదు.

పేర్లు దాచడం మన దగ్గర ఇంకా కష్టం. నోట్సులో పేర్లు వెతికి చెరిపే బోస్టన్ సాఫ్ట్‌వేరుకు మన ఇంటిపేర్లు తెలియవు. మనిషి పేరు తీసేసి ఇంటిపేరూ ఊరూ వదిలేస్తే, కోనసీమలోనో కరీంనగర్ దగ్గరో ఆ మనిషిని వెతకడానికి పది నిమిషాలు చాలు. డాక్టరు నోట్సులో "ఫలానా మాస్టారి అత్తగారు" అని ఒక్క మాటున్నా బండారం బయటపడుతుంది. 2023లో కేంద్రం వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది, మంచిదే. కానీ మన భాషలో, మన పేర్లను, ఊర్లను, వరసలను పట్టుకుని చెరిపే పని ఎవరో కూర్చుని చేయాలి. అది మన ఇంజనీరింగ్ కాలేజీలకు తగిన పని. బోస్టన్ వాళ్ళు మన కోసం చేసిపెట్టరు.

ఇది కోట్ల ప్రాజెక్టు కానక్కర్లేదు. వరంగల్లులో ఎంజీఎం ఆసుపత్రి ఉంది, ఎన్ఐటీ ఉంది. విశాఖలో కేజీహెచ్ ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. హైదరాబాదులో నిమ్స్ ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది. ఆటో ఎక్కితే ఒకదాని నుంచి ఒకదానికి పోవచ్చు. ఒక్క ఐసీయూ, ఒక్క ఏడాది రికార్డులు. ఎలా రాయాలో, ఏం రాయాలో ముందు సిస్టర్లను అడగండి, ఎందుకంటే రాసేది వాళ్ళే. ఏం చేస్తున్నామో వార్డు బయట తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టి రోగులకు చెప్పండి, వద్దన్నవాళ్ళను వదిలేయండి. పేర్లు చెరపండి, తేదీలు జరపండి. ఆ తర్వాత ఒప్పందం మీద సంతకం పెట్టిన ఎవరికైనా ఇవ్వండి. నలభై ఏడు మందితో మొదలుపెట్టడానికే వాళ్ళకు ఐదేళ్ళు పట్టింది, మనకూ పట్టవచ్చు. సూపరింటెండెంట్లు, వైస్ ఛాన్సలర్లు, డిపార్ట్‌మెంట్ హెడ్లు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే నా మనవి ఒక్కటే. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా ఒకరికొకరు ఫోన్ చేసుకోండి.